రంగు దిగితే అది చేతిపని కాదు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

అయ్యా,

ఇది నా ఐదో ఫిర్యాదు. ముందు నాలుగింటికీ ఒకటే జవాబు పంపారు: "చేతితో చేసినవి కాబట్టి చిన్న చిన్న తేడాలు సహజం."

తిరుపతిలో టైలరింగ్ షాపు నాది. నాలుగేళ్లుగా మీ దగ్గర కొన్న, చెక్క అచ్చుతో అద్దిన కలంకారీ ప్యాచ్‌లే జాకెట్ల వీపుకు కుడుతున్నాను. ఏ తేడా సహజమో నాకు తెలుసు. అచ్చు మొదట అద్దినచోట ముదురుగా పడుతుంది, రంగు తగ్గేకొద్దీ లేతబడుతుంది. నల్ల గీతకూ లోపలి రంగుకూ మధ్య వెంట్రుకవాసి తెల్లగా మిగులుతుంది. పోగులో ముడి ఉంటే అక్కడ రంగు పట్టదు. వీటి మీద ఏనాడూ ఒక్క మాట అనలేదు.

ఈసారి 40 ప్యాచ్‌లలో 14 రంగు దిగుతున్నాయి. తడి తెల్లగుడ్డతో పదిసార్లు రుద్దితే గుడ్డంతా ఎర్రబడుతోంది. అద్దిన బట్టను సరిగ్గా ఉడకబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించకపోతే పట్టని రంగు పైపైనే ఉండిపోతుంది. ఇది పని తగ్గించడం, చేతిపని కాదు. గంధం రంగు పట్టు జాకెట్టు మీద కుట్టాక ఇది బయటపడితే జాకెట్టు ఖరీదు ఎవరు కట్టాలి? పైగా కొన్నింటికి బొమ్మ అంచు దాటాక పావంగుళం కూడా వదల్లేదు. మడత ఎక్కడ వేయాలి?

ఫోన్ చేస్తే మొదటి అమ్మాయి ఫోటో అడిగింది. రంగంటిన తెల్లగుడ్డ ఫోటో పంపాను. "ఇది మా ప్రొడక్ట్ కాదు కదా మేడం" అంది! రెండో అతను వీడియో అడిగాడు, పంపాను. మూడో ఆమె "ఇస్త్రీ చేశారా?" అని మళ్లీ మొదటికొచ్చింది. నాలుగో రోజు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్, దాని కిందే స్టార్లు ఇవ్వమని లింకు. ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు? గుడ్డ గురించి తెలిసినవాళ్లు ఒక్కరైనా మీ ఆఫీసులో లేరా?

నాకు కాళహస్తి దగ్గరే. కలంతో వేసేవాళ్లను అడిగి చేయించుకోగలను. అయినా ఇన్నాళ్లూ మీ దగ్గరే కొన్నాను. ఆ పాటి విలువైనా ఇవ్వరా?

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. మీ ఫిర్యాదుల అధికారి ఎవరో ఇంతవరకు నాకు చెప్పలేదు. ఆయనే నాతో మాట్లాడాలి, 14 ప్యాచ్‌లు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బతుకుతెరువు కోసం సొంతంగా పని చేసుకునేవాళ్లు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారులే.

రుద్దిన తెల్లగుడ్డ ముక్కను ఈ లేఖకు పిన్ను చేశాను. తడి చేత్తో ముట్టుకుని చూడండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
తిరుపతి