కోర్టు ప్రేమకథల్లో ఆ ఆరు నెలలు ఏమయ్యాయి?

సంపాదకులకు,

న్యాయవాదులే నాయికా నాయకులుగా వస్తున్న ప్రేమ నవలల్లో సంభాషణలకు వంక పెట్టలేం. ఎదురెదురు పక్షాల తరఫున వాదిస్తూ, సాక్షిని ప్రశ్నించే తీరులోనే ఒకరి తెలివికి మరొకరు లోబడిపోవడం చదువుతుంటే పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. చిక్కల్లా విడాకుల ఘట్టంలోనే. మొదటి వాయిదాకే, కిక్కిరిసిన కోర్టు హాల్లో, జడ్జిగారు తీర్పు చెప్పేస్తారు. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఇద్దరూ ఒప్పుకుని అర్జీ పెట్టుకున్నా మామూలుగా ఆరు నెలలు ఆగాలి. తగిన కారణాలుంటే ఆ గడువును మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. దంపతుల్లో ఏ ఒక్కరు కోరినా కుటుంబ న్యాయస్థానం విచారణను ఆంతరంగికంగా జరపాలి. మనసు మార్చుకోవడానికి చట్టమే ఇచ్చిన ఆ ఆరు నెలల్లో ఎంత కథ ఉంది! దాన్ని చేజేతులా వదులుకోవడం, నా మటుకు, చట్టం తెలియకపోవడం కంటే పెద్ద లోపం.

— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం