జెండా కర్ర మోసేది పిల్లలు

సంపాదకుల వారికి నమస్కారం.

ఆగస్టు 15 దగ్గర పడుతోంది. ఉన్నత పాఠశాలల్లో కవాతు సాధనతో పాటు, కవాతులో జెండాలు మోస్తూ, తిప్పుతూ నడిచే జెండా దళానికి కావలసిన సామాన్ల కొనుగోలు కూడా మొదలైంది. కావలిలో చాలా ఏళ్లు ఆడపిల్లలకు డ్రిల్లు నేర్పి పదవీ విరమణ చేసిన వ్యాయామ ఉపాధ్యాయురాలిని. ఈ కొనుగోళ్లు జరిగే తీరు చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. ఒకరిద్దరు నెల్లూరు వెళ్లి, మెరుపు చూసి, ధర చూసి తెచ్చేస్తారు. ఆ కర్ర ఎత్తుకుని ఎండలో నిలబడాల్సిన ఎనిమిదో తరగతి అమ్మాయిని ఎవరూ అడగరు.

గత గణతంత్ర దినోత్సవానికి ఒక పాఠశాలలో ఇనుప గొట్టాలకు తెల్లరంగు పూసి పిల్లల చేతికిచ్చారు. నున్నటి రంగు మీద నూలు గ్లౌజులు జారిపోతున్నాయి. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైంది. అమ్మాయిల మణికట్లు వణుకుతున్నాయి. వేదిక మీది పెద్దలెవరూ అది గమనించలేదు.

కర్ర ఎంపికే అన్నిటికన్నా ముఖ్యం. మన తీరంలో సరుగుడు తేలిగ్గా దొరుకుతుంది కానీ అది బరువు, ఎండే కొద్దీ పగుళ్లు తేలుతుంది. వెదురు తేలికే, అయితే పేడు లేచి అరచేతిలో దిగుతుంది. ప్లాస్టిక్ గొట్టం గాలికి విల్లులా వంగుతుంది. కాస్త ఖరీదైనా పలుచని అల్యూమినియం గొట్టమే మేలు. తిప్పే జెండాలకు ఐదున్నర, ఆరు అడుగులు చాలు, చిన్నపిల్లలకైతే ఇంకా తగ్గించాలి. గుడ్డ ఉన్న వైపు బరువు లాగుతుంది కనుక రెండో చివర లోపల ఒక బోల్టు బిగిస్తే చేతికి సమంగా ఉంటుంది. రెండు చివరలా రబ్బరు బిరడాలు తప్పనిసరి. అవి లేని కర్ర తిరిగేటప్పుడు పక్క పిల్ల ముఖానికి తగిలితే గాయమవుతుంది. పట్టుకునే చోట క్రికెట్ బ్యాటు పిడికి వేసే గ్రిప్పు చుట్టిస్తే గ్లౌజు జారదు.

గుడ్డ విషయంలో శాటిన్ మోజు వదులుకోవాలి. బరువైన గుడ్డ జనవరి మంచుకు తడిస్తే ఇంకా బరువెక్కుతుంది. పలుచని పాలిస్టర్ త్వరగా ఆరుతుంది, చిన్నగాలికే విచ్చుకుంటుంది. కర్ర దూర్చే మడతకు రెండు వరుసల కుట్టు వేయించాలి, ముందు చిరిగేది అక్కడే. ఊళ్లో దర్జీ చేత కుట్టిస్తే చిరిగిన రోజే సరిచేయించుకోవచ్చు. పెద్దల నడుముకు చేసిన తోలు బెల్టులు కూడా పిల్లలకు వద్దు. బెల్టుకు ఉండే, జెండా కర్ర నిలిపే గిన్నె కిందికి జారి తొడకు కొట్టుకుంటుంది.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. తిప్పడానికి, ఎగరేసి పట్టుకోవడానికి మువ్వన్నెల జెండాలు కొనకండి. విన్యాసాలకు పాఠశాల రంగుల జెండాలు వేరుగా కుట్టించండి. జాతీయ పతాకం దళంలో ఒక్కటే, నిటారుగా సాగాలి. 2002 నాటి జెండా నియమావళి ప్రకారం దాన్ని ఏ వ్యక్తికీ, ఏ వస్తువుకూ వందనంగా వంచకూడదు. ఇతర జెండాలతో కలిసి నడిచేటప్పుడు అది వరుసకు కుడి చివర గానీ, వరుస మధ్యభాగానికి ముందు గానీ ఉండాలి. పొడవు వెడల్పులు 3:2 నిష్పత్తిలో ఉండాలి. దుకాణాల్లో ఈ కొలత తప్పినవి కూడా అమ్ముతున్నారు, టేపు పెట్టి చూసుకోండి. 2021 డిసెంబరు సవరణతో పాలిస్టర్ పతాకానికి కూడా అనుమతి వచ్చింది కనుక తేలిక జెండా కోసం నియమం తప్పాల్సిన పని లేదు.

జిల్లా విద్యాశాఖాధికారి గారు ప్రధానోపాధ్యాయులకు ఒక్క సూచన పంపాలని కోరుతున్నాను. మొత్తం సామాను కొనకముందు ఒక నమూనా కర్ర తెప్పించి, జెండా కట్టి, దళంలో అందరికన్నా పొట్టి పిల్ల చేతికివ్వాలి. గాలికి ఎదురుగా మైదానంలో పావుగంట నిలబెట్టి చూడాలి. చేతులు నొప్పి పుడుతున్నాయని ఆ పిల్ల అంటే, ఎంత చవకదైనా సరే ఆ కర్రను దుకాణానికి తిప్పి పంపాలి.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
కావలి, నెల్లూరు జిల్లా