తిరుగు కవరు

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

రోజూ ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరం ఎందుకని నీకు అనిపించవచ్చు. సింగపూరులో నీ దగ్గర ఉన్నప్పుడు, నువ్వు ఆఫీసుకు వెళ్ళిన ఒక మంగళవారం నేనొక్కణ్ణే చైనాటౌను తిరిగి వచ్చాను. "బాగుందా నాన్నా?" అని అడిగావు. "బాగుంది" అన్నాను. అప్పటికి రాత్రి తొమ్మిదైంది, నువ్వు అలసిపోయి అన్నం కలుపుకుంటున్నావు. నా నడక గురించి మన మధ్య జరిగిన మాటలు అంతే. ఇంటికి వచ్చి పది రోజులైనా ఆ వీధులు నా కళ్ళలోంచి పోవడం లేదు. నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నావు, మీ ఇంటి నుంచి నాలుగు స్టేషన్ల దూరం, అయినా నువ్వు అటు వెళ్ళలేదన్నావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

దారి చూపే మనిషి ఎవరూ లేరు. నువ్వు ఫోనులో పెట్టిచ్చిన పటం ఉంది, వీధి మూలల్లో అక్కడి చరిత్ర రాసిన పలకలు ఉన్నాయి. స్టేషను మెట్లెక్కి పైకి వస్తే పగోడా స్ట్రీట్. పగోడా అంటే చైనా వాళ్ళ గుడి అనుకుంటూ వీధి చివరిదాకా నడిచాను. అక్కడ ఉన్నది మన గోపురం తల్లీ! శ్రీ మారియమ్మన్ కోవెల. 1819లో, సింగపూరు పట్టణానికి పునాది వేసిన ఆంగ్లేయుడు రాఫెల్స్‌తో పాటు పెనాంగ్ నుంచి వచ్చిన నారాయణ పిళ్ళై 1827లో కట్టించిన గుడి. వీధికి పగోడా అన్న పేరు ఆ గోపురం వల్లనే వచ్చిందట. అటు పక్కది టెంపుల్ స్ట్రీట్, అదీ ఈ గుడి పేరే. ఇటు పక్కది మాస్క్ స్ట్రీట్, తమిళ తీరం నుంచి వచ్చిన చూలియా ముస్లిముల మసీదు వల్ల ఆ పేరు. చైనా వాళ్ళ పేట నడిబొడ్డున మూడు వీధులకు మన సముద్రతీరం వాళ్ళ పేర్లు! కాసేపు అమ్మవారి ఎదుట కూర్చుని, నీ పేరున అర్చన చేయించాను.

ఆ పేటను చైనా వాళ్ళు వాళ్ళ భాషలో ఎద్దుబండి నీళ్ళు అంటారు. మలయా భాషలో ఉన్న క్రేతా ఆయర్ అన్న పేరుకు అర్థం నీళ్ళ బండి. కుళాయిలు లేని రోజుల్లో ఆన్ సియాంగ్ గుట్ట దగ్గరి బావుల నుంచి ఎద్దుబండ్ల మీద నీళ్ళు తెచ్చి ఇంటింటికీ పోసేవారు. ఎద్దులు పోయాయి, బావులు పోయాయి, పేరు మాత్రం నిలిచింది.

ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని, వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. కింద దుకాణం, పైన కాపురం. ముందు వరసగా కప్పున్న వసారా, దాన్ని ఐదడుగుల దారి అంటారు. ఎండా వానా తగలకుండా జనం నడవడానికి ప్రతి ఇంటి ముందూ ఇలా విడవాలని రాఫెల్స్ 1822లోనే పట్టణం ప్రణాళికలో పెట్టించాడట. పైఅంతస్తుల్లో ఒక్కో గదిని చెక్కలతో అరలు అరలుగా చీల్చి అద్దెకిచ్చేవారు. కిటికీ లేని ఆ అరల్లో కూలీలు వంతులవారీగా పడుకునేవారు. 1989లో పేటను పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు కాబట్టి సరిపోయింది, లేకపోతే అదంతా ఎప్పుడో నేలమట్టమయ్యేది.

అక్కడి నుంచి సేగో లేన్‌కు వెళ్ళాను. సేగో అంటే మన సగ్గుబియ్యమే. ఒకప్పుడు అక్కడ సగ్గుబియ్యం తయారుచేసేవారు. ఆ పేరు చదివి నవ్వుకున్నాను గాని, తర్వాత చదివింది నా నవ్వును ఆపేసింది. ఒక ఇరుకు అరలో మనిషి చనిపోతే మిగతావాళ్ళకు అరిష్టమని నమ్మేవారు. అందుకని నా అన్నవాళ్ళు లేని ముసలి కూలీలు చివరి రోజుల్లో ఈ సందుకు వచ్చేసేవారు. చనిపోయే వాళ్ళ కోసమే ఇక్కడ ఇళ్ళుండేవి. పైన మంచాలు, కింద అంత్యక్రియల ఏర్పాట్లు. 1961లో వాటిని నిషేధించారు. ఇప్పుడు ఆ పక్కనే 2007లో కట్టిన పెద్ద బౌద్ధాలయం ఉంది. జనం ఫొటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం ఆ మంచాల మీదివాళ్ళకు ఊళ్ళో భార్య ఉండి ఉంటుందా, ఆమెకు కబురు ఎవరు చెప్పి ఉంటారు అని ఆలోచిస్తూ నిలబడిపోయాను.

దానికి జవాబు కొంత దూరం నడిచాక దొరికింది. ఒక గోడ మీద యిప్ యూ చాంగ్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మ ఉంది. ఉత్తరాలు రాసిపెట్టే మనిషి బొమ్మ! దాని ముందు ఎంతసేపు ఉన్నానో నాకే తెలియదు. ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసులో పనిచేసినవాణ్ణి, నా తోటి ఉద్యోగి సముద్రం అవతల కనిపించినట్టయింది.

ఆ ఐదడుగుల వసారాల్లో చిన్న బల్ల వేసుకుని, కుంచె, సిరా పెట్టుకుని వాళ్ళు కూర్చునేవారు. చదువురాని కూలీ వచ్చి పక్కన కూర్చుని చెబుతుంటే, ఊళ్ళో తల్లికి ఉత్తరం రాసేవారు. ఎర్ర తలగుడ్డ కట్టుకునే సంసూయి ఆడవాళ్ళు కూడా వచ్చేవారు. వాళ్ళది చైనాలో గ్వాంగ్‌డాంగ్‌లోని సంషూయి ప్రాంతం. 1933లో మగవాళ్ళ రాకకు పరిమితి పెట్టారు, ఆడవాళ్ళకు పెట్టలేదు. అప్పుడు ఎందరో ఓడలెక్కి వచ్చి, కావడి భుజాన వేసుకుని ఇటుకలూ మట్టీ మోశారు. సింగపూరు మేడల పునాదుల్లో వాళ్ళ చెమట ఉంది. తాము తినీ తినకా మిగిల్చింది ఊరికి పంపేవారు.

పంపే పద్ధతి వింటే నీకు ఆశ్చర్యం వేస్తుంది. డబ్బూ ఉత్తరమూ విడివిడిగా వెళ్ళేవి కావు. రెండూ కలిపి ఒకటే, దాన్ని చియావ్‌పి అంటారు. కవరు మీదనే ఎంత సొమ్మో రాసేవారు. మొదట్లో ఊళ్ళ మధ్య తిరిగే మనుషులు వాటిని మోసుకెళ్ళేవారు, వాళ్ళను నీటి అతిథులు అనేవారట. తర్వాత ఈ పని కోసమే దుకాణాలు వెలిశాయి. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఊళ్ళో ఇంటికి డబ్బు తెచ్చి ఇచ్చే మనిషి ఒక చిన్న కాగితం, ఒక చిన్న కవరు కూడా తెచ్చి చేతికిచ్చేవాడు. అందింది అని రెండు మాటలు రాయించి మళ్ళీ తీసుకెళ్ళేవాడు. ఆ జవాబు సింగపూరు చేరితేనే లెక్క ముగిసినట్టు. ఇటువంటివి సుమారు లక్షా అరవై వేలు దొరికాయి. 2013లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

మన మనీ ఆర్డరూ అంతే కదా! నువ్వు చిన్నప్పుడు కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని చూసేదానివి, గుర్తుందా? భీవండి, సూరత్ మగ్గాల మీద పనిచేసే పిల్లలు పంపే ఫారాలు వచ్చేవి. ఫారం అడుగున కూపను ఉండేది, నాలుగు ముక్కలు రాసుకునేంత జాగా. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, రసీదు మీద వేలిముద్ర తీసుకుని, కూపను చించి చేతిలో పెట్టేవాళ్ళం. ఒకావిడ ప్రతి నెలా పోస్టాఫీసుకే వచ్చి తీసుకునేది. డబ్బు కొంగున ముడి వేసుకుని, కూపను మాత్రం నా చేతికి తిరిగిచ్చి చదవమనేది. "అమ్మా, జ్వరం తగ్గింది. పండక్కి వస్తాను." అంతే ఉండేది. ఒకసారి చదివాక, ఇంకోసారి నెమ్మదిగా చదవమనేది. ఆ రెండోసారి కళ్ళు మూసుకుని వినేది. తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుందన్న పొడుపుకథకు జవాబు నాకు ఆమె ముఖంలో కనిపించేది.

సాయంత్రానికి తెలోక్ ఆయర్ వీధికి చేరాను. అప్పట్లో అదే సముద్రపు ఒడ్డు. ఓడ దిగినవాళ్ళు ముందుగా అడుగుపెట్టేది అక్కడే. ప్రాణాలతో ఒడ్డుకు చేర్చినందుకు సముద్రమాత మాజూకు దండం పెట్టుకునేవారు. 1839 నుంచి 1842 వరకు చైనాలోని ఫుజియాన్ నుంచి వచ్చినవాళ్ళు అక్కడ కట్టిన గుడి థియాన్ హాక్ కెంగ్. ఒక్క మేకు కొట్టకుండా చెక్కలో చెక్క బిగించి కట్టారు. అదే వీధిలో కొద్ది అడుగుల దూరంలో నాగూరు దర్గా ఉంది. రెంటి మధ్య పచ్చిక ఉన్న చోట బెంచీ మీద కూర్చున్నాను. సముద్రాన్ని పూడ్చి నేల చేశారు కాబట్టి ఇప్పుడు అలలు లేవు, గాజు మేడలున్నాయి. ఆఫీసుల నుంచి పిల్లలు గుంపులు గుంపులుగా బయటికి వస్తున్నారు, మెడలో గుర్తింపు కార్డులు, చెవుల్లో తీగలు. అందరూ నీలాగే కనిపించారు తల్లీ. ఏ ఊరి నుంచి వచ్చారో, ఇంటికి ఏం రాస్తారో అనుకున్నాను.

నువ్వు ప్రతి నెలా ఒకటో తేదీన మరవకుండా పంపుతావు. ఫోను మోగుతుంది, అంకె కనిపిస్తుంది. అమ్మకు చూపిస్తాను. నీ కష్టం నాకు తెలుసు, అందులో ఏ లోటూ లేదు. కాని ఆ అంకె కింద కూపను లేదు. నీకు జలుబు తగ్గిందా, కొత్త అధికారి ఎలా ఉన్నాడు, వానకు కిటికీ దగ్గర తులసి తడుస్తోందా, ఇవి అడిగితే "అంతా బాగానే ఉంది నాన్నా" అంటావు. ఆ మాటను రెండోసారి నెమ్మదిగా చదువుకోవడానికి కుదరదు.

ఒక ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే బయలుదేరు. మాక్స్‌వెల్ ఫుడ్ సెంటరులో చెరుకు రసం బాగుంటుంది, అక్కడ కాసేపు ఆగు. నేను నడిచిన వరసలోనే నడువు. ఉత్తరాలు రాసే ఆయన బొమ్మ దగ్గర తొందరపడకు.

మీ ఇంటి దగ్గరి పోస్టాఫీసుకు వెళ్ళి భారతదేశానికి సరిపడే స్టాంపు కొన్నాను. నీ బల్ల పై సొరుగులో, పాస్‌పోర్టు కింద ఒక కవరు పెట్టాను. స్టాంపు అంటించే ఉంది. మన చిరునామా పిన్‌కోడుతో సహా రాసి ఉంది. లోపల ఒక తెల్ల కాగితం మడిచి పెట్టాను.

ఇట్లు,
మీ నాన్న