గేటు కోసం క్రాస్ కోసేస్తే షెడ్డుకు దిక్కేది?

సంపాదకులకు,

ఆదోనిలో ఇప్పుడు జిన్నింగ్ మిల్లయినా, గోదామైనా, ఫంక్షన్ హాలైనా ఎక్కువగా ఇనుప షెడ్లే. వాటి పక్క గోడల్లో రెండు స్తంభాల మధ్య ఇంటూ గుర్తులా బిగించిన ఇనుప యాంగిల్స్ గానీ, కడ్డీలు గానీ ఉంటాయి. వీటినే క్రాస్ అంటారు. లారీ లోపలికి రావాలనో, కొత్త షట్టర్ పెట్టాలనో వాటిని గ్యాస్ కట్టర్‌తో కోసేయడం మామూలైపోయింది. ఇంజినీరును అడిగి కోసేవాళ్లు తక్కువ. వెల్డరును అనుకుని లాభం లేదు, ఓనరు చెప్పింది చేస్తాడు.

ఇలాంటి షెడ్డు వెడల్పు వైపు ఫ్రేముల (రెండు స్తంభాలు, వాటిని కలిపే పై దూలం) బలంతో నిలబడుతుంది. పొడవు వైపు ఆ ఫ్రేములన్నీ ఒరిగిపోకుండా పట్టుకునేది ఈ క్రాసే. ముందు గోడకు తగిలిన గాలి తోపు పైకప్పులోని క్రాస్‌కు, అక్కడి నుంచి పక్క గోడ క్రాస్‌కు, ఆపైన పునాదికి దిగాలి. మధ్యలో ఒకచోట తెగినా ఆ బరువు స్తంభాల మీద పడుతుంది. వాటిని ఆ దిశలో వంపును తట్టుకునేలా చేసి ఉండరు.

రెండు కడ్డీల్లో ఒకటి వదులుగా ఉంది, దానితో పనేముందని కొందరి వాదన. సన్నటి కడ్డీ లాగితే ఆగుతుంది, నొక్కితే వంగిపోతుంది. అందుకే గాలి ఒకవైపు నుంచి వీస్తే ఒకటి బిగుసుకుంటుంది, రెండోది ఊరుకుంటుంది. గాలి తిరిగితే పని రెండోదానిది.

"మనకు తుపాను రాదు కదా" అనే మాట మరీ ప్రమాదం. గాలి లెక్కలకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు సెకనుకు 50 మీటర్ల వేగం ఉంటే, కర్నూలుకు 39. అంటే గంటకు 140 కిలోమీటర్లు. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది (వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు) కాబట్టి 39 దగ్గర చదరపు మీటరుకు సుమారు 93 కిలోలు. 20 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల ఎత్తున్న ముందు గోడ మీద అది 15 టన్నులకు దగ్గర. షెడ్డు ఆకారం, చుట్టుపక్కల కట్టడాలను బట్టి ఈ లెక్క మారుతుంది, సున్నా మాత్రం కాదు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములతో వచ్చే గాలివానకు రేకులు లేచిపోవడం మనకు తెలియంది కాదు.

దారి కావాలంటే మార్గముంది. క్రాస్‌ను పక్క గడిలోకి (పక్కనున్న రెండు స్తంభాల మధ్యకు) మార్చవచ్చు, లేదా అక్కడే గేటు పట్టేలా గట్టి ఇనుప చట్రం పెట్టవచ్చు. కొత్త గడి పునాది ఆ లాగుడుకు సరిపోతుందో చూసి, కొత్తది బిగించాకే పాతది కోయాలి. దీనికయ్యే ఖర్చు తడిసిపోయే పత్తి ముందు ఎంత?

ఫ్యాక్టరీలకు స్టెబిలిటీ సర్టిఫికెట్ (కట్టడం గట్టిగా ఉందనే ధ్రువపత్రం) అడిగే పద్ధతి ఉంది. అది తీసుకున్నాక ఏం కోశారో చూసే నాథుడు లేడు. మున్సిపాలిటీ, మార్కెట్ కమిటీ, ఫ్యాక్టరీల శాఖ కలిసి ఏటా మార్చిలోపు పెద్ద షెడ్లను డ్రాయింగుతో పోల్చి చూడాలి. క్రాస్ లేని చోట దాన్ని తిరిగి పెట్టేదాకా జనాన్ని లోపల కూర్చోబెట్టే ఫంక్షన్లకు అనుమతి ఇవ్వకూడదు.

— ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు, ఆదోని, కర్నూలు జిల్లా