పది కోళ్ల గూడులో పట్టేవి ఐదే

సంపాదకులకు నమస్కారం.

పెరట్లో నాలుగు పెట్టలను పెంచుకుందామనుకునేవారి కోసం రెడీమేడ్ కోళ్ల గూళ్లు ఇప్పుడు అనంతపురంలోనూ దొరుకుతున్నాయి. ముక్కలుగా వచ్చిన చెక్కలను, రేకులను గంటలో బిగించుకోవచ్చు కనుక మేస్త్రీతో పని లేదు. అయితే వాటి అట్టపెట్టెల మీద అచ్చువేసే కోళ్ల సంఖ్యను నమ్మి కొనవద్దని సాటి పాఠకులకు చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కొన్న గూడు నాలుగు అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అంటే పది చదరపు అడుగులు. పెట్టె మీద ‘పది కోళ్లకు’ అని ఉంది. రెండు తగ్గించి ఎనిమిది పెట్టలనే ఉంచాను కాబట్టి సరిపోతుందనుకున్నాను. ఏప్రిల్‌లో ఒకరోజు వీధికుక్కల భయంతో పగలు కూడా గూడు మూసి టౌనుకు వెళ్లాను. మధ్యాహ్నం మూడింటికి వచ్చి తలుపు తీస్తే లోపలి సెగ ముఖానికి కొట్టింది, చెయ్యి పైరేకుకు తగిలి చుర్రుమంది. పెట్టలన్నీ రెక్కలు దింపి, ముక్కులు తెరిచి రొప్పుతున్నాయి. రెండు అప్పటికే మూలకు ఒరిగిపోయి ఉన్నాయి. నీళ్లు తాగించినా అవి దక్కలేదు.

కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక, బయటి ఎండ కూడా ఆ అంకెను దాటే మన ఊళ్లలో రొప్పడం తప్ప దానికి వేరే దారి లేదు. రొప్పడానికి గాలి ఆడాలి. అందుకే గూడు చూడగానే ముందుగా పరిశీలించవలసింది పైకప్పు అంచు కింద రెండు వైపులా జాలీతో ఖాళీ వదిలారా లేదా అన్నది. వేడిగాలి, రెట్టల ఘాటు పైకే లేస్తాయి కాబట్టి కింద ఎంత పెద్ద కిటికీ పెట్టినా పైన దారి లేకపోతే ప్రయోజనం తక్కువ. చల్లని దేశాల నమూనా చూసి చేసినట్టుండే అందమైన చెక్కగూళ్లు కొన్నింటిలో ఈ ఖాళీ అసలు ఉండదు. అవి మన సీమ ఎండకు పనికిరావు.

ఇక చోటు సంగతి. పగలంతా బయట తిరిగి రాత్రి పడుకోవడానికి మాత్రమే లోపలికి వచ్చే కోడికైనా రెండు చదరపు అడుగులకు తగ్గకూడదు, రోజంతా లోపలే ఉంచితే నాలుగు అడుగులైనా కావాలి. ఆ లెక్కన నా గూడు రాత్రి పడకకైతే ఐదు కోళ్లకు, పగలు కూడా మూసి ఉంచితే రెండింటికి సరిపోతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని తయారుచేసిన వనరాజా పెట్టలు నాటుకోడి కంటే బరువైనవి కనుక వాటికి ఇంకొంచెం ఎక్కువ చోటే లెక్కవేసుకోవాలి. కొలిచేటప్పుడు గుడ్ల పెట్టెను, కింది మెట్లను కలపకుండా కోళ్లు నిలబడే నేలను మాత్రమే టేపు పెట్టి కొలవండి. కోళ్లు ఎక్కి పడుకునే లోపలి దండెం గుడ్ల పెట్టె కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే పెట్టలు గుడ్ల పెట్టెలోనే పడుకుని రెట్టలతో పాడుచేస్తాయి.

జాలీ విషయంలోనూ చాలామంది మోసపోతున్నారు. ఆరు మూలల సన్నతీగ వల కోడిని లోపల ఆపుతుంది కానీ కుక్కను బయట ఆపలేదు. అరంగుళం గళ్ల వెల్డెడ్ మెష్ (తీగలను అతికించి చేసిన గట్టి జాలీ) అయితే పిల్లి పంజా దూరదు, ముంగిస, పెద్ద పాము కూడా రాలేవు. ధర కాస్త ఎక్కువైనా దానినే అడగండి. రెండు పొరల చెక్క ఉన్న గూడు నాకు నచ్చదు, ఎందుకంటే ఆ సందుల్లో పిడుదులు పగలంతా దాక్కుని రాత్రిపూట కోళ్ల రక్తం తాగుతాయి. కింది ట్రే పూర్తిగా బయటికి లాగి కడుక్కునేలా ఉండాలి. అందులో పరచడానికి మన జిల్లాలో వేరుశనగ పొట్టు ఉండనే ఉంది, తడిసి బూజు పట్టనిది చూసుకుంటే చాలు.

రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలి ఉమ్మడి జిల్లా అంతటా ఉంది. ఆషాఢంలో తేలికపాటి గూడు పల్టీ కొడుతుంది కాబట్టి కాళ్లను తాడిపత్రి బండలకు బిగించాలి. పొడవు తూర్పు పడమరలుగా పెడితే పక్కగోడలకు ఎండ తక్కువ తగులుతుంది. ఆ రెండు పెట్టలు పోయాక నేను గూడును కానుగచెట్టు కిందికి మార్చి, పైరేకుకు సున్నం పూసి, దాని మీద జొన్నచొప్ప కప్పాను. చిన్నప్పుడు మా అవ్వ వాళ్లింట్లో అరుగు కింద బండలతో కట్టిన కోళ్లగూడులో మే నెలలో చెయ్యి పెట్టినా చల్లగానే ఉండేది. ఆ చల్లదనం ఈ గూటికి రాలేదు కానీ నిరుడు ఎండాకాలం మిగిలిన పెట్టలన్నీ బతికాయి.

అమ్మేవారు కోళ్ల సంఖ్యకు బదులు లోపలి నేల ఎన్ని చదరపు అడుగులో, జాలీ గడి ఎంతో పెట్టె మీద తెలుగులో అచ్చువేయాలని కోరుతున్నాను. పశుసంవర్ధక శాఖవారు కూడా వేసవి రాకముందే ఈ కొలతలను పశువుల ఆసుపత్రుల గోడల మీద రాయిస్తే, కోడిపిల్లలను తీసుకువెళ్లేవారు గూడు కొనడానికి ముందే వాటిని చూసుకోగలుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అనంతపురం.