రంగు కాంక్రీటు: ఈ సీజనులో ఏం వేస్తాం, ఏం వేయం

నమస్కారం. మంచు కరిగింది, ఫోన్లు మొదలయ్యాయి. ఇక్కడ కెనడాలో బ్రాంప్టన్, మిస్సిసాగా, మిల్టన్‌లలో ఉన్న మన తెలుగువాళ్లు ఈసారి ఎక్కువగా అడుగుతున్నది ఒకటే: "డ్రైవ్‌వేకి రంగు కాంక్రీటు వేస్తారా?" ఫోనులో ఒక్కొక్కరికీ సగం సగం చెప్పడం కంటే ఇక్కడ పూర్తిగా రాయడం మేలనిపించింది.

పెరట్లో పేషియోకి (ఆరుబయట కూర్చునే చప్టాకి), ఇంటి పక్క నడకదారికి సంతోషంగా వేస్తాం. కార్లు నిలిపే డ్రైవ్‌వే మొత్తానికి మాత్రం ఈ ఏడాది నుంచి వేయం. బూడిదరంగు డ్రైవ్‌వేకి అంచున రంగు పట్టీ కావాలంటే సరే.

రంగు మీద నాకేమీ ఫిర్యాదు లేదు. అందులో కలిపేది ఐరన్ ఆక్సైడ్ పొడి. మన ఊళ్లలో పాత ఇళ్లకు ఉండే ఎర్రటి రెడ్ ఆక్సైడ్ గచ్చులో ఉన్నదీ అదే. ఎండకు వెలిసిపోదు. నలుపు కావాలన్నా కార్బన్ బ్లాక్ వాడం, నల్ల ఐరన్ ఆక్సైడే వాడతాం. కార్బన్ బ్లాక్ వానలకు మెల్లగా కొట్టుకుపోతుంది.

చిక్కంతా ఉప్పుతో, సున్నా డిగ్రీలతో. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు చోటు ఉండాలనే కాంక్రీటులో సన్నటి గాలి బుడగలు 5 నుంచి 8 శాతం వరకు ఉండేలా కలుపుతారు. డ్రైవ్‌వేకి మేం తెప్పించేది కెనడా ప్రమాణాల్లో చలికీ ఉప్పుకీ గురయ్యే చోట్లకు చెప్పిన సీ-2 రకం: బలం కనీసం 32 మెగాపాస్కల్, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 మించదు. అయినా మన దగ్గర చలికాలమంతా పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం. ఆ పైన ఉప్పు. ఈ రెండూ కలిస్తే పై పొర పెచ్చులుగా లేస్తుంది. "మేం ఉప్పు చల్లం కదా" అంటారు. మీరు చల్లకపోయినా రోడ్డు మీది ఉప్పుమంచును కారు మోసుకొచ్చి, రాత్రంతా మీ డ్రైవ్‌వే మీద బొట్లు బొట్లుగా కారుస్తుంది.

బూడిదరంగు మీద పెచ్చు లేస్తే మరమ్మతు చేయవచ్చు, అతుకు కొంచెం తెలిసినా ఫరవాలేదు. రంగు మీద అతుకు కలవదు. అదే పొడి, అదే మోతాదు వేసినా కలవదు. కాంక్రీటు వయసు, ఆ రోజు తేమ, తాపీ పట్టిన చెయ్యి, అన్నీ రంగును మారుస్తాయి. పైన మాత్రమే చల్లి రుద్దే రంగైతే మరీ అన్యాయం, పెచ్చు కింద బూడిదరంగు బయటపడుతుంది.

కొందరు ఆ రెడ్ ఆక్సైడ్ నునుపే బయట కూడా కావాలంటారు. ఆ కోరిక నాకూ అర్థమవుతుంది. కానీ గాలి బుడగలున్న కాంక్రీటును ఉక్కు తాపీతో గట్టిగా నునుపు చేస్తే పై పొర మూసుకుపోయి విడివడే ప్రమాదం ఉంది. పైగా జనవరి ఉదయం చెత్త డబ్బా లాక్కుంటూ ఆ నునుపు మీద నడవాలి! మేం చీపురు గీతలతోనే ముగిస్తాం. నీరు, మరక దిగకుండా పైన పూసే పూతను సీలరు అంటారు; మెరిసే యాక్రిలిక్ సీలరుకు బదులు లోపలికి ఇంకే సైలేన్ సీలరు వాడతాం. అది మెరవదు. మెరిసేదే కావాలంటే రెండు మూడేళ్లకోసారి మళ్లీ పూయాలి, కింద తేమ చిక్కితే తెల్లగా పాలిపోతుంది.

రంగు ఎక్కడా తేడా లేకుండా రావాలనుకునేవారు ఇంటర్‌లాక్ ఇటుకలు చూడండి. మేం ఆ పని చేయం, అయినా చెబుతున్నాను. పగిలిన ఇటుకను ఒక్కదాన్నే తీసి మార్చుకోవచ్చు. మా కాంక్రీటులో మొదటి ఏడాది తెల్లటి సున్నపు పొర పైకి రావడం మామూలే, ముదురు రంగుల మీద మరీ కనిపిస్తుంది. ఎర్ర నేల మీద తెల్ల ముగ్గు అందమే, ఒప్పుకుంటాను. సీలరు వేసేదాకా రంగుల ముగ్గులు మాత్రం వద్దు, మరక దిగిపోతుంది.

ధర విషయానికి వస్తే, పొడి ఖర్చుతో పాటు లారీ డ్రమ్ము కడిగినందుకు ప్లాంటువాళ్లు విడిగా తీసుకుంటారు. చిన్న పనికి ఇది భారం. పేషియో, నడకదారి ఒకేరోజు ఒకే లోడుతో పోయించుకుంటే ఆ ఖర్చు ఒక్కసారే పడుతుంది, రంగూ కలుస్తుంది.

పోసే రోజు లారీ దగ్గర "కొంచెం నీళ్లు కలపండి, జారుడుగా ఉంటుంది" అని మా కుర్రాళ్లను అడగకండి. బలం తగ్గుతుంది, రంగు పాలిపోతుంది. చలిలో త్వరగా గట్టిపడాలని కాల్షియం క్లోరైడ్ కూడా కలపం, మచ్చలు పడతాయి.

అక్టోబరులో థాంక్స్‌గివింగ్ దాటాక రంగు కాంక్రీటు పోయం. ఉప్పు తగిలేలోపు కనీసం నెల రోజులు గాలికి ఆరాలి. థాంక్స్‌గివింగ్ తర్వాత ఫోన్ చేసినవారి పేర్లు వచ్చే మే నెల జాబితాలో రాసుకుంటాం. నమూనా పలకలు మా యార్డులో ఆరుబయటే ఉన్నాయి, వాన పడిన రోజు ఒకసారి, ఎండ ఉన్న రోజు ఒకసారి వచ్చి చూడండి.