సత్తిబాబూ, నువ్వు చూడాల్సిన కొండ

షెఫీల్డ్, ఇంగ్లండ్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సత్తిబాబూ,

ఫోన్లో చెబుదామంటే నువ్వు ఎప్పుడూ ఎవరిదో ఒక చేలో ఉంటావు. ఉపగ్రహాలతో పొలం కొలిచే ఆ రోవర్ పట్టుకుని గట్టు మీద నిలబడ్డ మనిషితో కబుర్లేం చెబుతాం! "సాయంత్రం నేనే చేస్తాన్రా" అంటావు, ఆ సాయంత్రం రాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, అన్నం తిన్నాక తీరిగ్గా చదువుకో.

నిన్న ఒక కొండ ఇటువైపు ఎక్కి అటువైపు దిగాను. పేరు మామ్ టోర్, ఎత్తు 517 మీటర్లు. నవ్వకు. అరకు ఊరే దీనికంటే ఎత్తులో ఉంటుందని నాకూ తెలుసు. ఏటిగట్టు కంటే ఎత్తయినదేదీ చూడకుండా పెరిగిన కోనసీమ వాళ్లం, మనకెందుకురా ఆ లెక్కలు. దారి పొడుగునా నువ్వే గుర్తొచ్చావు. స్నేహం కొద్దీ అనుకునేవు, అదేం కాదు. నువ్వు సర్వేయర్‌వి కాబట్టి.

నాతో మా ఆఫీసులో పనిచేసే గుంటూరు కుర్రాడు వచ్చాడు. వాడికి నడక అంటే షాపింగ్ మాల్లో నడకే. పొద్దున్నే షెఫీల్డ్‌లో మాంచెస్టర్ వైపు వెళ్లే రైలెక్కాం. ఊరు దాటగానే టోట్లీ అని ఒక సొరంగం వస్తుంది, ఐదున్నర కిలోమీటర్ల పైనే ఉంటుంది. 19వ శతాబ్దం చివర్లో తవ్వారు. మనవాడు ఫోన్లో సిగ్నల్ పోయిందని గోల మొదలెట్టాడు. ఆ చీకట్లోంచి బయటపడగానే రెండు పక్కలా పచ్చటి గుట్టలు, గొర్రెలు, మధ్యలో రాతి ఇళ్లు. అరగంటకి కాస్త అటూ ఇటూగా ఈడేల్‌లో దిగిపోయాం.

ఈడేల్ ఒక లోయ. ఆ లోయలో పారే నది పేరు నో. వంతెన మీద నిలబడి చూసి మా కుర్రాడు "ఇది నదా అన్నా?" అన్నాడు. గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి, నేనేం జవాబు చెప్పను? కానీ నీళ్లు మాత్రం అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి.

అసలు సంగతి ఇక్కణ్ణించే మొదలు. రోడ్డు పక్కన చెక్క స్తంభానికి బాణం గుర్తుతో చిన్న పలక ఉంది, "పబ్లిక్ ఫుట్‌పాత్" అని. అది చూపించే వైపు చూస్తే దారంటూ ఏమీ లేదు, గడ్డి పొలం, దానికో గేటు. గేటు తీసుకుని లోపలికి వెళ్లాం. ఇంకొంచెం పైకి వెళ్లేసరికి ఆ దారి తిన్నగా ఒక రైతు ఇంటి దొడ్లోకి పోయింది. అవును, దొడ్లోకే. ఒక పక్క పశువుల కొట్టం, ఇంకో పక్క ట్రాక్టరు, తీగ మీద ఆరేసిన బట్టలు. మా కుర్రాడు ఆగిపోయి "అన్నా, కుక్కల్ని వదుల్తారేమో, రోడ్డు మీద నుంచి పోదాం" అన్నాడు. ఇంతలో ఆ ఇంటాయన బయటికొచ్చాడు. మమ్మల్ని చూసి తలూపాడు. "వెనకాల గేటు వేసేయండి, గొర్రెలున్నాయి" అన్నాడు. అంతే, తన పని తను చూసుకున్నాడు.

పొలం ఆయనదే, దారి మాత్రం అందరిదీ. ఇక్కడి సర్వే శాఖ అమ్మే 1:25,000 స్కేలు మ్యాపులో ఈ దారులన్నీ ఆకుపచ్చ చుక్కగీతలుగా ఉంటాయి. వీటికి చట్టబద్ధమైన మ్యాపు వేరే ఉంటుంది, దాన్ని కౌన్సిల్ వాళ్లు నిర్వహించాలి. 1949లో వచ్చిన చట్టం ప్రకారం ఊరూరా దారుల లెక్క తీసి తయారుచేసిన మ్యాపు అది. అందులో గీత ఉందంటే ఆ భూమి ఎన్ని చేతులు మారినా దారి పోదు. పొలం మధ్య నుంచి దారి వెళుతుంటే విత్తడానికి రైతు దున్నుకోవచ్చు, కానీ 14 రోజుల్లోగా దాన్ని మళ్లీ మనిషి నడిచేలా, కంటికి కనబడేలా చేసిపెట్టాలి. చదువుతుంటే నాకు మన చెరువు గట్టు వెనకాల పుంత గుర్తొచ్చింది. మన చిన్నప్పుడు దాంట్లో రెండు ఎడ్లబళ్లు ఎదురైతే ఒకటి పక్కకి ఒదిగేది, రెండోది పోయేది. మొన్న వచ్చినప్పుడు మోటార్ సైకిల్ పోవడమే కష్టమైంది. రెండు పక్కలవాళ్లూ ఏడాదికో జానెడు గట్టు చెక్కుకుంటూ వచ్చారు, ఎవరూ దొంగలు కారు, పుంత మాత్రం సన్నబడిపోయింది. మీ ఎఫ్ఎంబీలో, అదే పొలాల కొలతల పుస్తకంలో మాత్రం నిక్షేపంగా ఉంటుంది, అవునా?

ఈ హక్కు ఇక్కడివాళ్లకీ ఊరికే రాలేదు. ఈడేల్ లోయకి ఉత్తరాన కిండర్ స్కౌట్ అని పెద్ద మెట్ట ఉంది, 636 మీటర్లు. ఈ పీక్ డిస్ట్రిక్ట్ ప్రాంతం మొత్తంలో అదే ఎత్తయినది. ఒకప్పుడు అదంతా జమీందార్లు పక్షుల వేట కోసం అట్టేపెట్టుకున్న భూమి. కాపలావాళ్లని పెట్టి మామూలు జనాన్ని అడుగు పెట్టనిచ్చేవారు కాదు. వారమంతా మాంచెస్టర్ మిల్లుల్లో పొగ పీల్చి, ఆదివారం కాస్త గాలి కోసం వచ్చేవాళ్లకి కొండ కనిపించేది, ఎక్కడానికి వీల్లేదు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందల మంది కుర్రాళ్లు, అమ్మాయిలు కలిసి "ఎక్కుతాం, ఏం చేసుకుంటారో చేసుకోండి" అని అవతలి హేఫీల్డ్ వైపు నుంచి ఎక్కేశారు. కాపలావాళ్లతో తోపులాట అయింది. ఐదుగురికి 2 నుంచి 6 నెలల దాకా జైలు వేశారు. ముందు నడిచిన బెన్నీ రోత్‌మన్‌కి అప్పటికి 20 ఏళ్లు, అతనికి నాలుగు నెలలు పడింది. తమాషా ఏమిటంటే ఆ శిక్షలు పడింది అక్రమంగా ప్రవేశించినందుకు కాదు, అల్లరి, కొట్లాట అని కేసులు పెట్టి వేశారు. చదువుతుంటే నాకు పల్నాడులో పుల్లరి గొడవ, కన్నెగంటి హనుమంతు గుర్తొచ్చారు. అడవిలో పశువుల్ని మేపితే పన్నేమిటన్నందుకు 1922లో ఆయన్ని కాల్చి చంపింది ఈ దేశం ప్రభుత్వమే కదా. ఇక్కడ నడిచినందుకు జైలు, అక్కడ మేపినందుకు తూటా. మా గుంటూరు కుర్రాడికి హనుమంతు కథ వాళ్ల తాతయ్య చెప్పాడట. అప్పటిదాకా కాళ్లనొప్పులంటూ వచ్చినవాడు దాని గురించి ఒక పావుగంట ఆగకుండా మాట్లాడాడు.

1951లో బ్రిటన్ మొదటి జాతీయ పార్కుగా ప్రకటించింది ఈ పీక్ డిస్ట్రిక్ట్‌నే. ఈడేల్ నుంచి స్కాట్లండ్ సరిహద్దు దాకా 430 కిలోమీటర్ల కాలిబాట ఒకటుంది, పెనైన్ వే. దాన్ని 1965లో సరిగ్గా ఏప్రిల్ 24నే ప్రారంభించారు. 2000లో ఇంకో చట్టం వచ్చి, మ్యాపులో గుర్తించిన ఇలాంటి బీడు కొండల మీద దారి వదిలి కూడా తిరగొచ్చని చెప్పింది.

చరిత్ర చాలు, కొండెక్కుదాం. దొడ్డి దాటాక దారి నిటారుగా పోయింది. ఇరువైపులా సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. అరగంటకి చెమటలు పట్టి కోటు విప్పేశాను. హాలిన్స్ క్రాస్ అనే కనుమ దగ్గరికి చేరగానే గాలి ఎదురొచ్చి తన్నింది, మళ్లీ కోటు తొడుక్కున్నాను.

ఈ కనుమకి ఒక కథ ఉంది. 1630ల దాకా ఈడేల్‌లో చర్చి లేదు. ఎవరైనా పోతే శవపేటికని భుజాల మీద మోసుకుని ఈ కొండ దాటించి అవతలి కాసిల్టన్‌లో పూడ్చేవారు. చలికాలం మంచులో ఆ మోతలు ఎలా సాగాయో ఊహించుకో. తరువాత 18వ శతాబ్దం చివర ఈడేల్‌లో నూలు మిల్లు పెట్టారు. అప్పుడు కాసిల్టన్ ఆడవాళ్లు ఇదే దారిలో పొద్దున్న ఇటు దిగి, పన్నెండు గంటలు పైనే పనిచేసి, రాత్రి మళ్లీ అటు ఎక్కేవారట. మేం మంచి బూట్లు వేసుకుని, పులిహోర డబ్బా సంచీలో పెట్టుకుని రొప్పుతున్నాం.

అక్కణ్ణించి పడమరగా కొండ అంచు మీదే నడక. ఎడమ చేతి వైపు కాసిల్టన్, హోప్ ఊళ్లున్న లోయ, కుడి చేతి వైపు మేం ఎక్కివచ్చిన ఈడేల్. రైలు ఒకటి ఆట బొమ్మంత అయిపోయి పోతోంది. హోప్ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం ఒకటి నిలబడి ఉంటుంది. ఇక్కడివాళ్లు దాన్ని తిట్టుకుంటారు. నాకు మాత్రం అది లేకపోతే ఈ లోయ మరీ క్యాలెండర్ బొమ్మైపోతుంది అనిపించింది, ఎవరికో ఒకరికి జీతం వస్తోందన్న ధైర్యం ఉంటుంది దాన్ని చూస్తే.

మామ్ టోర్ శిఖరం చుట్టూ మట్టికోట ఆనవాళ్లున్నాయి. మూడు వేల ఏళ్ల నాటి సంగతి అంటారు. పైన నేల చదును చేసి ఇళ్లు కట్టుకున్న జాగాలు వంద దాకా ఉన్నాయట. ఆ గాలిలో కాపురాలెలా చేశారో! ఇప్పుడు జనం తొక్కిడికి మట్టి కొట్టుకుపోకుండా రాతి పలకలు పరిచారు. రెక్కల గుడ్డలు కట్టుకుని గాల్లోకి దూకేవాళ్లు ఒక పక్క వరసగా నిలబడ్డారు.

ఇంక నీ సంగతి. శిఖరం మీద నడుమెత్తు స్తంభం ఒకటి ఉంది. అందరూ దాన్ని ముట్టుకుని ఫొటో దిగుతున్నారు. అది ట్రిగ్ పాయింట్ రా! 1936లో బ్రిటన్ మొత్తం మళ్లీ కొలవడం మొదలెట్టినప్పుడు, హాటిన్ అనే అధికారి రూపకల్పనతో ఇలాంటివి దేశమంతటా ఆరు వేలకు పైగా కట్టారు. పైన ఇత్తడి పళ్లెం, కోణాలు కొలిచే థియోడొలైట్ కాళ్లు కదలకుండా కూర్చోవడానికి మూడు గాడులు. ఒక కొండ మీద నుంచి ఇంకో కొండకి చూపు కలిపి త్రికోణాలు. మన మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర 1802లో లాంబ్టన్ అనే సర్వే అధికారి మొదలెట్టిన పద్ధతే. ఇప్పుడు వీళ్లకీ మీలాగే ఉపగ్రహాలొచ్చాయి, స్తంభాలకి పనిలేదు. అయినా ఒక్కటీ పీకలేదట అనుకునేవు, చాలానే పోయాయి, మిగిలినవాటిని మాత్రం నడిచేవాళ్లు మురిపెంగా చూసుకుంటారు. మన హద్దురాళ్ల మీద బట్టలుతుక్కోవడం గుర్తొచ్చి నవ్వొచ్చింది.

పులిహోర అక్కడే గోడ చాటున తిన్నాం. మిరపకాయ నోట్లో పెట్టుకున్నాక చలి కాస్త తగ్గింది.

దిగేటప్పుడు చూశాను అసలు వింత. ఈ కొండకి వణికే కొండ అని పేరు. కింద నల్లటి పలకరాయి, దాని మీద ఇసుకరాయి, మళ్లీ పలకరాయి, ఇలా పొరలు. వాన నీరు దిగితే పలకరాయి మెత్తబడి జారుతుంది. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట కాసిల్టన్ వైపు ముఖం మొత్తం కూలింది, ఆ కూలిన మట్టి ఇప్పటికీ వానలు ఎక్కువైన శీతాకాలం తరువాత కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది. సరిగ్గా దాని మీద నుంచి 19వ శతాబ్దంలో రోడ్డు వేశారు. జారినప్పుడల్లా మళ్లీ తారు పోశారు. చివరికి 1979లో చేతులెత్తేసి వాహనాలకి మూసేశారు. ఇప్పుడు నడిచేవాళ్లదే ఆ రోడ్డు. నువ్వు చూస్తే నమ్మవు. ఉన్నట్టుండి రోడ్డు విరిగి మనిషి లోతున కిందికి దిగిపోయి ఉంటుంది, మధ్యలో తెల్లగీత కూడా దాంతోపాటే దిగిపోయింది. విరిగిన అంచు దగ్గర కూర్చుని చూస్తే ఏడాదేడాదీ పోసిన తారు తాపేశ్వరం మడత కాజాలా పొరలు పొరలుగా కనిపిస్తోంది. ఏ పొర ఏ ఇంజనీరు హయాంలోదో! మన ఏటిగట్టు రోడ్డు కాంట్రాక్టర్లని తీసుకొచ్చి ఇక్కడ ఒక పూట కూర్చోబెట్టాలి అనిపించింది. పోనీలే, వాళ్లు ఇంకో పొర పోద్దామంటారు.

కాసిల్టన్ గురించి ఎక్కువ రాయను, టూరిస్టుల ఊరు. బ్లూ జాన్ అనే ఊదా, పసుపు చారల రాయి ఇక్కడి ప్రత్యేకం, మా కుర్రాడు ఉంగరం ధర చూసి నెమ్మదిగా కింద పెట్టేశాడు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఊరి వెనకాల పీక్ కావర్న్ అనే పెద్ద గుహ ఉంది. దాని నోట్లోనే, గుహ కప్పు కిందే ఇళ్లు వేసుకుని నాలుగొందల ఏళ్ల పాటు తాళ్లు పేనుకుంటూ బతికారు జనం. గనులకి కావాల్సిన జనపనార తాళ్లు. తాడు పేనే కర్రలు ఇంకా నిలబెట్టి ఉన్నాయి. మన అంబాజీపేట పీచు తాళ్లవాళ్లు చూస్తే ఒక్క చూపులో పోల్చుకుంటారు.

అక్కణ్ణించి హోప్ స్టేషన్‌కి ఏటి పక్కన పొలాల్లోంచే దారి. మళ్లీ గేట్లు, మళ్లీ గొర్రెలు. మొత్తం పది, పన్నెండు కిలోమీటర్లయి ఉంటుంది. రైల్లో కూర్చోగానే గుంటూరు కుర్రాడు నిద్రపోయాడు, ఇవాళ పొద్దున ఫోన్ చేసి "మళ్లీ ఎప్పుడన్నా?" అంటున్నాడు.

పిన్ని మోకాళ్లు ఎలా ఉన్నాయి? మెట్లు ఎక్కద్దని గట్టిగా చెప్పు, నా మాటగా చెప్పు, వింటుంది. ఆవకాయ పంపే మనిషి దొరికాడని అమ్మ చెప్పింది, జాడీ మూత నువ్వు ఒకసారి చూసి కట్టు. ఇంకో పని. మన పుంత ఎఫ్ఎంబీ షీటు ఫొటో తీసి పంపు, గొలుసు కొలతలు కనబడేలా. రీసర్వే మన ఊరికి వచ్చినప్పుడు ఆ పుంత వెడల్పు ఎంత రాశారో కూడా చెప్పు. నువ్వు వేరే మండలంలో ఉన్నానని తప్పించుకోకు, అక్కడ చేసేవాడు నీ బ్యాచే కదా.

నీ
రాంబాబు